కారణం చెప్పనిదే జిగురు ముట్టకూడదు

చిన్న బాల్సా కట్టె విమానానికి రేడియో అమర్చడం గురించి ఏదైనా రాయమని మన సంస్థ పూర్వ విద్యార్థులు అడిగారు. అమర్చే పద్ధతి ఇప్పుడు ఫోనులో బోలెడంతమంది చూపిస్తున్నారు, చూసి నేర్చుకోండి. నేను మాత్రం అలాంటి ఒక విమానం పడిపోవడం గురించీ, అది ఎందుకు పడిందో తెలుసుకోవడానికి మేము పడిన అవస్థ గురించీ రాస్తాను.

అనంతపురం ఊరు దాటాక ఉన్న ఆ ప్రైవేటు శిక్షణ సంస్థలో నాది ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం. కాగితం మీద అలా ఉంది గాని, మోడల్ వర్క్‌షాపులో నేను ఎక్కువగా చేసింది తూచడమే. బాల్సా పుల్లలు తూచడం, జిగురు తూచడం, ఆ జిగురు ఆరాక మళ్ళీ తూచడం. పిల్లలు నన్ను వెనకాల ‘గ్రాముల మేడమ్’ అనేవాళ్ళు. ముందర అన్నా నేను ఏమీ అనుకునేదాన్ని కాదు, ఉన్నమాటే కాబట్టి.

మాకు వచ్చే కిట్లు చిన్నవి. మూరెడు కన్నా కొంచెం పొడవు రెక్క, అగ్గిపుల్ల మందం బాల్సా పుల్లలు, పైన టిష్యూ కాగితం, లోపల మెలిపెట్టిన రబ్బరు. మెలి విప్పుకుంటూ రబ్బరు ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. విమానం లేస్తుంది, రబ్బరు అయిపోయాక జారుకుంటూ దిగుతుంది. కిట్టుతో వచ్చే కాగితంలో అలాగే రాసి ఉంటుంది. మన నేల మీద అలా జరగదు. వేరుశనగ పీకేసిన ఎర్ర చేలు ఎండకు పెనంలా కాగి, వాటిమీది వేడిగాలి నిటారుగా పైకి లేస్తుంది. ఆ గాలి దొరికిందంటే రబ్బరు అయిపోయినా విమానం దిగదు. గద్దలాగా తిరుగుతూ పైకే పోతుంది. మేము తలలెత్తి చూస్తూ ఉండగానే చుక్కయి, తర్వాత ఆ చుక్క కూడా కనబడకుండా పోతుంది.

అలా పోయిన వాటిలో ఒక్కటి మాత్రం వెనక్కి వచ్చింది, బుక్కరాయసముద్రం వైపు గొర్రెలు మేపే ఒకతని చంకలో.

“ఏమక్కా, ఈ బొమ్మ మీదేనా?” అన్నాడతను గేటు దగ్గర.

“మాదే. రెక్కమీద కాగితం ఏమైంది?”

“మా మేకపోతు తినేసినాది. కట్టె తినలేదులే. మంచిదే అది, కట్టె జోలికి పోదు.”

ఆ రోజే మా సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ వీటికి రేడియో పెట్టాలని నిశ్చయించారు.

ఆయనది తాడిపత్రి. ఇంట్లో మగవాళ్ళంతా బండలకు పాలిషు పట్టే పనిలో ఉంటే, ఈయన ఒక్కరు వెళ్ళి అన్ని కట్టెలలోకీ తేలికైన కట్టెను పట్టుకున్నారు. “మా ఇంటి బరువంతా మా అన్నలు మోసినారు మేడమ్, నాకు తేలికది మిగిలింది” అనేవారు. పిల్లలకూ మాకూ అందరికీ ఆయన భాయ్ సార్.

వర్క్‌షాపులో ఆయన ఒక నియమం పెట్టారు. పడిపోయిన విమానాన్ని తెచ్చి బల్లమీద పెట్టాలి. ఎగరేసినవాళ్ళు అది పడిన కారణం బిగ్గరగా చెప్పాలి. మిగిలినవాళ్ళు ఒప్పుకోవాలి. అందరూ ఒప్పుకున్నాకే జిగురు సీసా మూత తీయాలి. కారణం చెప్పకుండా అతికించడం ఆయన దృష్టిలో పని కాదు, పనిని ఎగ్గొట్టడం. ఈ నియమం వల్ల ఒక్కొక్క విమానం వారాల తరబడి విరిగిన రెక్కతో అలాగే బల్లమీద ఉండేది. ప్రిన్సిపాల్ గారికి అది చూస్తే చిరాకు. నాకు మాత్రం ఆ నియమం నచ్చింది.

రేడియో పెట్టడం అంటే ముందు బరువు లెక్క. రబ్బరుతో ఎగిరే విమానం ముప్పై గ్రాములు. రబ్బరు తీసేసి చిన్న మోటారు, బ్యాటరీ, రిసీవర్, తోకను కదిలించే సర్వో అనే బుల్లి యంత్రం పెడితే నలభై ఎనిమిది దాటకూడదని నేను గీత గీశాను. దాటితే అది జారుతూ దిగదు, రాయిలా దిగుతుంది. తోక దగ్గర ఒక గ్రాము జిగురు ఎక్కువైతే, దాన్ని సరితూచడానికి ముక్కులో మూడు గ్రాములు కలపాలి. అందుకే తోక అతికించేవాళ్ళ పక్కన నేను నిలబడేదాన్ని.

కదిరి నుంచి వచ్చి కొత్తగా చేరిన ఎలక్ట్రానిక్స్ ఇన్‌స్ట్రక్టర్ ఒకతను ఉండేవాడు. అతనికి ఈ లెక్క అసలు నచ్చలేదు.

“సార్, ఇంకో సర్వో పెట్టి ముక్కు ఎత్తడం దించడం కూడా మన చేతిలో పెట్టుకుందాం. గాల్లో పల్టీలా లూపు కొట్టొచ్చు.”

“లూపు నువ్వు కొట్టప్పా, మేము చూస్తాం” అన్నారు భాయ్ సార్. “దీనికి ఎగరడం వచ్చు. తిరిగి రావడమే రాదు. మనం నేర్పాల్సింది అదొక్కటే.”

అలా రెండే ఆజ్ఞలతో విమానం తయారైంది. రిమోట్ మీద వేలితో కదిలించే ఒక పుల్లతో మోటారు వేగం. ఇంకో పుల్లతో రడ్డర్, అంటే తోకమీద నిలువుగా ఉండి అటూ ఇటూ తిరిగే పలక. మొదటిరోజు అది చేల మీద ఒక చుట్టు చుట్టి, చెప్పినట్టు వచ్చి మా కాళ్ళ దగ్గర దిగింది. ధర్మవరం నుంచి వచ్చే మా అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్, ఆ అమ్మాయికి అప్పటికి ఉద్యోగం పర్మనెంటు కూడా కాలేదు, పరిగెత్తుకుంటూ పోయి దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని వచ్చింది. వాళ్ళ ఇంట్లో రెండు మగ్గాలు. సన్నని పని ఆ పిల్ల వేళ్ళకు పుట్టుకతో వచ్చింది. టిష్యూ కాగితం ముడత లేకుండా అతికించడంలో మా అందరికంటే నేర్పరి. భాయ్ సార్ దగ్గరే పని నేర్చుకుంది. ఆయన అంటే ప్రాణం.

భాయ్ సార్ కుడిచెయ్యి వణకడం మొదలైంది ఆ ఏడాదే. చాయ్ గ్లాసు సగమే పోయమని క్యాంటీన్‌లో చెప్పడం చూసి నాకు అర్థమైంది. డాక్టరు చూసి, ప్రమాదమేమీ లేదు, వయసుతో కొందరికి వస్తుంది, అంతే అన్నాడట. ఒకరోజు ఆయనే నా దగ్గరికి వచ్చారు.

“మేడమ్, నా వేలు వణికితే రడ్డర్ కూడా వణుకుతాండాది. పిల్లోళ్ళు చూసి నవ్వుకుంటారేమో.”

అది కష్టమైన పని కాదు. సర్వో చేతికీ రడ్డర్‌కూ మధ్య ఉండే సన్నని కడ్డీని, సర్వో వైపు లోపలి రంధ్రంలోకీ, రడ్డర్ వైపు బయటి రంధ్రంలోకీ మార్చాను. దానితో వేలు ఎంత కదిలినా రడ్డర్ కొంచెమే కదులుతుంది. వణుకు విమానం దాకా చేరదు. తిప్పాలంటే పుల్లను చివరిదాకా నొక్కి పట్టుకోవాలి, అంతే తేడా. ఆయన ఒకసారి ఎగరేసి చూసి, “అరె, ఇదేమో నా వయసుకు కుట్టిన చొక్కా మాదిరి ఉండాదే” అన్నారు.

ఆయన రిటైరయ్యే రోజు దగ్గర పడింది. రిటైరయ్యాక కూడా వారానికి రెండు రోజులు వచ్చి పిల్లలకు ఎగరేయడం నేర్పమని ప్రిన్సిపాల్ గారు అడిగారు. భాయ్ సార్‌కు కావలసింది అదే. ఆ రెండు రోజుల కోసం ఆయన వారమంతా బతికేస్తారని మాకు తెలుసు. వీడ్కోలు సభకు ముందు అతిథుల ఎదుట ఆయన విమానం ఎగరేయాలని కూడా అనుకున్నాం. ముందురోజు సాయంత్రం విమానాన్ని నేలమీద పెట్టి, రిమోట్ పట్టుకుని దూరంగా నడిచి, రడ్డర్ కదులుతోందా లేదా చూసుకున్నాం. నీళ్ళ ట్యాంకు అవతలికి పోయినా బాగా కదిలింది.

మరునాడు పొద్దున నేను వచ్చేసరికి విమానం నగ పెట్టుకుని ఉంది. ధర్మవరం అమ్మాయి వాళ్ళ నాయన మగ్గం మీద మిగిలిన చీర అంచులోంచి వేలెడు వెడల్పు జరీ పట్టీ కత్తిరించి తెచ్చి, రెక్క వెనక నడుం చుట్టూ అతికించింది.

“సార్‌కు శాలువా కప్పుతారు కదా మేడమ్. దీనికి ఏమీ లేకపోతే బాగుండదని ఒడ్డాణం పెట్టినాను. తూచినాను. గ్రామున్నర. బ్యాటరీ రవ్వంత ముందుకు జరిపి సరితూచినాను. చూడండి.”

రెక్క కింద రెండు వేళ్ళు పెట్టి చూశాను. అటూ ఇటూ వాలకుండా సమంగా నిలబడింది. నేను నేర్పినదంతా ఒక్కటి కూడా వదలకుండా చేసింది. ఈలోగా అతిథుల కారు వచ్చిందని ప్రిన్సిపాల్ గారు కేకేశారు. మళ్ళీ దూరం నడిచి పరీక్షించే వ్యవధి లేకపోయింది. నిన్ననే చూశాం కదా అని ఎవరమూ అనుకున్నట్టు కూడా గుర్తులేదు. నేరుగా మైదానంలోకి వెళ్ళిపోయాం.

మొదటి చుట్టు అందరి తలల మీదుగా వెళ్ళింది. ఎండలో జరీ తళుక్కుమంటే పిల్లలు ఈలలు వేశారు. రెండో చుట్టులో భాయ్ సార్ దాన్ని దూరంగా మెట్ట వైపు పోనిచ్చి, ఎడమకు తిప్పారు. అది తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఆయన వేలు కుడివైపు నొక్కడం నేను పక్కనే నిలబడి చూశాను. విమానం మాత్రం ఎడమకే సుడి తిరుగుతూ, ముక్కు వాల్చి, మెట్టమీది రాళ్ళలో పడింది.

ఈలలు ఆగిపోయాయి. అతిథుల్లో ఒకాయన, “పాపం, పెద్దాయన చెయ్యి వణికినట్టుండాది” అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. భాయ్ సార్‌కు వినపడింది.

సభ అయ్యాక, మెడలో దండతోనే వర్క్‌షాపుకు వచ్చారు. విమానాన్ని తన చేతులతో బల్లమీద పెట్టారు. ముక్కు నలిగింది, రెక్కలో రెండు పుల్లలు విరిగాయి. కదిరి ఇన్‌స్ట్రక్టర్, ధర్మవరం అమ్మాయి, నేను చుట్టూ నిలబడ్డాం.

“కారణం నా చెయ్యి” అన్నారు బిగ్గరగా. “ఒప్పుకోండప్పా. ఒప్పుకొని జిగురు తీయండి.”

కదిరి అతను నేల చూపులు చూస్తూ, “ఎవరికైనా జరుగుతుంది సార్” అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

“నేను ఒప్పుకోను” అన్నాను.

“ఎందుకు మేడమ్?”

“ప్రొపెల్లర్ చూడండి. రాళ్ళలో పడింది, ముక్కు నలిగింది, ప్రొపెల్లర్‌కు మాత్రం గీత కూడా పడలేదు. తిరుగుతూ తగిలి ఉంటే ముక్కలయ్యేది. పడకముందే మోటారు ఆగింది.”

“దాన్ని కూడా నా వేలే ఆపేసుంటుంది. నాకు తెలిసి చేస్తాండాదా అది?” ఆయన నవ్వబోయారు, నవ్వు రాలేదు. రిమోట్ తీసి అమ్మాయి చేతిలో పెట్టారు. “ఇంక నువ్వే ఎగిరించు తల్లీ. నేను ఆ రెండు రోజులు రానని ప్రిన్సిపాల్‌కు చెప్పినాను.”

ఆ అమ్మాయి రిమోట్ పట్టుకుని అలాగే ఏడుస్తూ నిలబడింది. జిగురు సీసా మూత ఎవరమూ తీయలేదు.

తర్వాతి వారం భాయ్ సార్ ఇంటికి ఫోను చేస్తే ఆయన భార్య ఎత్తింది. “ఏం చెప్పేది అక్కా. పొద్దస్తమానం చేతులు తువ్వాల్లో చుట్టుకొని కూచోనుంటాడు. ఎవరన్నా ఇంటికొస్తే లోపలికి పోతాడు” అంది.

నాకు ఒక విషయం పొసగలేదు. వణికే చెయ్యి పుల్లను ఒకే పక్కకు నొక్కి పట్టదు, అటూ ఇటూ ఆడిస్తుంది. పైగా ఆ కడ్డీ మార్చాక అంత గట్టి సుడి రావాలంటే పుల్లను చివరిదాకా నొక్కి అలాగే ఉంచాలి. అది వణుకు చేసే పని కాదు. మరి ఎవరు చేశారు? ఎంత ఆలోచించినా విమానంలో తప్పు కనబడలేదు. బల్లమీద పెట్టి రిమోట్ తిప్పితే రడ్డర్ చక్కగా అటూ ఇటూ ఆడుతోంది.

ఏవో కాగితాల మీద సంతకాలకని ఆయన ఒకరోజు ఆఫీసుకు వచ్చారు. వెళ్ళిపోతుంటే వరండాలో ఆపాను.

“సార్, ఒక పని చేసి పెట్టండి. రిమోట్ పట్టుకుని నీళ్ళ ట్యాంకు దాకా నడవండి.”

“ఎగిరించను మేడమ్.”

“ఎగిరించమనడం లేదు. నడవమంటున్నాను. నడుస్తూ రడ్డర్ పుల్లను ఆడిస్తూ ఉండండి, చాలు.”

కాదంటే నేను వదలనని ఆయనకు తెలుసు. ప్రొపెల్లర్ ఊడదీసి, విమానాన్ని ధర్మవరం అమ్మాయి చేతిలో పెట్టాను. ఆమె మైదానం ఈ చివర నిలబడింది, పక్కన నేను. ఆయన నడిచారు. రడ్డర్ ఆడుతోంది. వాలీబాల్ వల దాటారు. ఆడుతోంది. ఇంకొంచెం దూరం పోగానే ఒక పక్కకు తిరిగి అక్కడే నిలిచిపోయింది.

అమ్మాయి గొంతెత్తి అరిచింది. “సార్, ఆడించండి!”

“ఆడిస్తానే ఉండాను కదమ్మా!” అని అటునుంచి కేక.

“ఈడ ఆడడం లేదు సార్!”

“కళ్ళు సరిగా పెట్టి చూడు! బొటనవేలు నొప్పి పుడతాంటే ఆడలేదంటావేమి!”

అమ్మాయి తోక వైపు చూసింది. అక్కడి నుంచి ఆమె చూపు మెల్లగా ముందుకు జరిగి, రెక్క వెనక ఒడ్డాణం మీద ఆగింది. నా చూపూ అప్పుడే అక్కడికి చేరింది. రిసీవర్ నుంచి వచ్చే ఏంటెనా తీగ, చిటికెన వేలంత ఉంటుంది, సరిగ్గా ఆ పట్టీ కింద లోపలి గోడకు అంటించి ఉంది.

“మేడమ్” అంది చాలా చిన్నగా. “జరీ లోపల రాగి ఉంటుంది. మా నాయన గోటితో గీరి చూపిస్తాడు, ఎర్రగా కనబడుతుంది.”

ఆమె గోరు దూర్చి జరీ పట్టీని లాగింది. కింద టిష్యూ కాగితం కూడా చిరిగి దానితోపాటే వచ్చింది. రడ్డర్ ఒక్కసారి ఎగిరిపడి, అటూ ఇటూ ఆడడం మొదలుపెట్టింది. అవతల ఆయన ఇంకా పుల్ల ఆడిస్తూనే ఉన్నారు.

జరిగింది ఇదీ. నడుం చుట్టూ లోహపు దారం ఉంటే ఏంటెనాకు సంకేతం సరిగా అందదు. దగ్గర్లో సంకేతం బలంగా ఉంటుంది కాబట్టి ఎలాగో చొరబడింది. దూరం పోయాక చొరబడలేకపోయింది. సంకేతం తెగితే మా రిసీవర్ మోటారు ఆపేస్తుంది, రడ్డర్‌ను ఎక్కడుంటే అక్కడ వదిలేస్తుంది. ఆయన ఎడమకు తిప్పిన క్షణంలో తెగింది, అందుకని ఎడమకే తిరుగుతూ పోయింది. ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు కుడికి నొక్కినా దానికి వినపడలేదు.

అమ్మాయి ముఖం పాలిపోయింది. ఈ సంగతి తెలియనంతవరకూ ఆయన తన చేతుల్నే తిట్టుకుంటూ ఉంటారు. తెలిస్తే ఈ పిల్ల ఆయన ముందు తలెత్తుకోలేదు. అందుకని అడిగాను, “నేను చెప్పనా?”

“వద్దు మేడమ్. అతికించింది నేను.”

ఊడదీసిన జరీ పట్టీ పిడికిట్లో పట్టుకుని, చంకలో విమానంతో పరిగెత్తింది. నేను నా నడకకు తగ్గట్టు వెనకే వెళ్ళాను. నేను చేరేసరికి భాయ్ సార్ ట్యాంకు గట్టు మీద కూర్చుని ఉన్నారు. అమ్మాయి ఎదురుగా నిలబడి, వెక్కిళ్ళ మధ్య అంతా చెప్పేసింది.

ఆయన ముందు జరీ వైపు చూడలేదు. తన రెండు చేతులనూ ఒళ్ళో పెట్టుకుని, వాటి వైపే చూస్తూ, “ఇవి కాదా?” అన్నారు.

“కాదు సార్.”

“మేడమ్, మీరు చెప్పండి. ఇవి కాదా?”

“కాదు” అన్నాను. “సుడి తిరిగేటప్పుడు మీ వేలు కుడివైపు నొక్కడం నేను కళ్ళారా చూశాను. చెయ్యాల్సిందే చేశారు.”

అమ్మాయి ఏడుపు ఆగలేదు. చివరికి ఆయనే పట్టీని ఆమె పిడికిట్లోంచి తీసుకుని, వేళ్ళ మధ్య తిప్పి చూశారు.

“పని బాగుండాది. మీ నాయన నేసిందేనా?”

ఆమె తల ఊపింది.

“ఏడవొద్దు. నాకు శాలువా కప్పినారు, అది నన్నేమీ చెయ్యలేదు. దీనికి కప్పితే పాపం చెవులు మూసుకొనిపోయినాయి. ఒడ్డాణం కట్టుకొని ఎవరన్నా ఎగురుతారా, నువ్వే చెప్పు.” ఆమె ఏడుస్తూనే నవ్వింది. ఆయన గట్టు దిగి, “పాండి, పాండి. కారణం దొరికింది. ఆ కదిరి అబ్బాయిని కూడా పిలవండి, వాడు ఒప్పుకోవద్దా?” అంటూ మా ఇద్దరికంటే ముందు వర్క్‌షాపు వైపు నడిచారు.

కదిరి అతను ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఆ రోజు నేలచూపులు చూసినందుకు క్షమించమని కూడా అడిగాడు. “పోనీలేప్పా, నేనే నన్ను నమ్మలేదు, నువ్వు నమ్మకపోతే ఏమి” అన్నారు భాయ్ సార్. అతికించిన జిగురుతో బరువు గ్రామున్నర పెరిగింది. అంటే తీసేసిన ఒడ్డాణం బరువంత. నలభై ఎనిమిది దాటలేదు.

జిగురు ఆరి, గాలి నెమ్మదించిన ఒక పొద్దున ఆయన మళ్ళీ రిమోట్ పట్టుకున్నారు. ఈసారి అతిథులు లేరు, మేమే. మెట్ట దాటించారు. వేడిగాలి అందుకుని అది పైకి పోబోతే, మోటారు తగ్గించి మెల్లగా కిందికి తెచ్చారు. రెండు చుట్లు, మూడు చుట్లు. దించుతూ మా వైపు తిప్పారు. చివరి క్షణంలో ఆయన చెయ్యి గట్టిగా అదిరి, పుల్లను చివరిదాకా తోసేసింది. అది మేమంతా చూశాం. విమానం పక్కకు వాలి, నేరుగా వెళ్ళి వాలీబాల్ వలలో చిక్కుకుని, తోక పైకెత్తి వేలాడింది. రెక్క చివర పుల్ల ఒకటి టప్పుమంది.

కదిరి అతను గొంతు సవరించుకుని, “కారణం సార్?” అన్నాడు, భయపడుతూ.

భాయ్ సార్ వణుకుతున్న చేతిని మా అందరికీ కనబడేట్టు పైకెత్తి పట్టుకున్నారు. “ఇది! ఈసారి మాత్రం ఇదే!” అని మైదానమంతా వినబడేట్టు చెప్పారు. “ఒప్పుకుంటారా లేదా?”

ముగ్గురం ఒక్క గొంతుతో ఒప్పుకున్నాం. నా ఉద్యోగకాలంలో తన తప్పును అంత సంబరంగా చెప్పుకున్న మనిషిని ఇంకొకరిని చూడలేదు. ఆ వారం నుంచే ఆయన రెండు రోజులు రావడం మొదలుపెట్టారు.